ఊరి పేరు మోసిన రాక్షసబల్లి

పిల్లలకు డైనోసార్ అంటే హాలీవుడ్ సినిమా. పెద్దలకు రాక్షసబల్లి. ఎవరికైనా అదెక్కడో దూరదేశపు జంతువే. కానీ వాటిలో ఒకదాని శాస్త్రీయ నామంలో రెండు పల్లెల పేర్లున్నాయి. రెండూ గోదావరి లోయలోవే... తెలుగు చెవికి పరాయివి కానివే! ఆ పేరు వెనక కథ వినాలంటే ముందుగా జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం వెళ్లాలి. అక్కడ చూడ్డానికి అస్థిపంజరమేదీ ఉండదు. కానీ ఆ ప్రాంతపు రాయి ఆ జంతువుల ఆఖరి రోజులకు సాక్షి.

పేరులోనే సెలయేరు

హైదరాబాద్ నుంచి ముంబయి దారి పట్టి సంగారెడ్డి, సదాశివపేట దాటాక నేల రంగు మారుతూ ఉంటుంది. కాసేపు నల్లరేగడి. కాసేపటికి ఇటుకపొడి చల్లినట్టు ఎర్రమట్టి. రోడ్డుకు అటూ ఇటూ చెరకు, కంది, జొన్న చేలు. జహీరాబాద్ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఝరాసంగం వస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లా. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మండల కేంద్రమే అయినా నలుగురికీ తెలిసింది మాత్రం కేతకీ సంగమేశ్వరుడి వల్లనే. అమావాస్య రోజుల్లోనూ, శివరాత్రికీ తెలంగాణ జనంతో పాటు కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ భక్తులు వస్తారు.

ఝర అంటే సెలయేరు. సంగమం అంటే కలయిక. ఊరి పేరు విప్పితే చాలు, సగం కథ తెలిసిపోతుంది. గుడి ఆవరణలో అమృతగుండం ఉంది. అందులో ఎనిమిది తీర్థాలు కలుస్తాయని నమ్మకం. చర్మవ్యాధితో బాధపడుతున్న కుపేంద్రుడనే రాజు ఇక్కడి నీళ్లతో ఒళ్లు కడుక్కుంటే జబ్బు నయమైందనీ, ఆయనే స్వామికి గుడి కట్టించాడనీ స్థలపురాణం చెబుతుంది. ముందు గుండం దగ్గర పూజ చేసుకుని, ఆ తర్వాతే సంగమేశ్వరుణ్ని దర్శించుకోవడం భక్తుల ఆనవాయితీ.

ఇక కేతకి... అంటే మొగలి. శివుడి ఆది అంతాలు వెతికే పందెంలో బ్రహ్మ తరఫున దొంగసాక్ష్యం చెప్పిందని మొగలిపువ్వును శివపూజకు పనికిరాకుండా శపించారన్న పురాణకథ చాలామందికి తెలుసు. సాధారణంగా శివాలయాల్లో ఆ పువ్వును దూరంగానే పెడతారు. ఝరాసంగంలో మాత్రం అదే మొగలి స్వామి పేరులోకి ఎక్కి కూర్చుంది! చెడ్డపేరు పడ్డ పువ్వుకు ఇక్కడ మంచిపేరు వచ్చింది.

ఈ ముక్క గుర్తుంచుకోండి. రాక్షసబల్లి కథలోనూ ఇలాంటి మలుపే ఉంది.

కాళ్లకింద నల్లరాయి

జహీరాబాద్ ప్రాంతంలో బావి తవ్వినా, రోడ్డు కోసం గుట్ట కోసినా పైన ఎర్రటి రాయి, కింద నల్లటి రాయి కనిపిస్తాయి. పైన ఉన్నది లాటరైట్. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు కేరళలో ఈ రాయిని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టడం గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు. లాటిన్‌లో 'లాటర్' అంటే ఇటుక. కింద ఉన్న నల్లరాయి బసాల్ట్. అదే లక్షల ఏళ్లు ఎండకూ వానకూ నాని, మగ్గి, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రరాయిగా మారింది.

ఆ నల్లరాయి పుట్టుకే అసలు విశేషం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో భూమి పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోంచి లావా ఉబికి వచ్చి వరదలా పారింది. ఒకసారి కాదు, విడతలు విడతలుగా. ఒక పొర గడ్డకట్టాక దానిమీద మరో పొర. ఈ రోజుకీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరుచుకుని ఉంది. దీన్నే 'దక్కన్ ట్రాప్స్' అంటారు. ట్రాప్ అంటే ఇక్కడ బోను అని కాదు. స్వీడిష్ భాషలో 'ట్రప్పా' అంటే మెట్లు. పొర మీద పొర పడడంతో సహ్యాద్రి కొండలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. ఆ లావా పరుపు ఆగ్నేయ అంచు దగ్గర ఉంది జహీరాబాద్.

డైనోసార్ల యుగం ముగిసిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే. మెక్సికో తీరంలో పడిన పెద్ద గ్రహశకలమే వాటిని తుడిచిపెట్టిందని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మాట. దక్కన్ లావాతో పాటు వెలువడిన విషవాయువుల పాత్ర ఎంత అన్నదానిమీద చర్చ సాగుతూనే ఉంది. ఎలా చూసినా ఝరాసంగం పరిసరాల నేల ఆ కథలో చివరి పేజీ. మొదటి పేజీలు కావాలంటే తెలంగాణకు ఆ చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే వైపు వెళ్లాలి. అంతకన్నా ముందు... అసలు ఆ పేరెక్కడిది?

బల్లీ కాదు, రాక్షసీ కాదు

డైనోసార్ అన్న మాట వయసు రెండువందల ఏళ్లు కూడా లేదు. బ్రిటన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త అక్కడ దొరికిన మూడు రకాల ప్రాచీన జంతువుల ఎముకలను పోల్చి చూశాడు. మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్... మూడూ ఒకే కుటుంబానివని తేల్చి, 1842లో అచ్చయిన తన నివేదికలో ఆ కుటుంబానికి 'డైనోసారియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'డైనోస్' అంటే భయంకరమైనది, 'సారోస్' అంటే బల్లి. అయితే ఓవెన్ ఉద్దేశం పళ్లూ గోళ్లూ చూపించి భయపెట్టడం కాదు. చూస్తేనే గుండె ఝల్లుమనేంత భారీగా ఉందని చెప్పడం.

ఆ లెక్కన తెలుగులో 'రాక్షసబల్లి' అన్నవాళ్లు ఎవరోగానీ అర్థాన్ని సరిగ్గా పట్టుకున్నారు. ఎందుకంటే తెలుగులోనూ రాక్షస అంటే ఎప్పుడూ చెడ్డదనే కాదు. మనిషి కొలతకు అందనిదానికల్లా మనవాళ్లు ఆ మాటే తగిలించారు. కర్ర కాలిస్తే వచ్చేది బొగ్గు. భూమిని తవ్వితే వచ్చేది రాక్షసిబొగ్గు. రెండు మూడు వేల ఏళ్ల కిందటి మనుషులు తమవాళ్లను పూడ్చి, చుట్టూ బండలు నిలిపి, పైన ఇంకో పెద్దబండ కప్పిన సమాధులున్నాయి. ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామెరవాయి దగ్గర అలాంటివి గుంపులుగా కనిపిస్తాయి. అంత బండను మామూలు మనిషి ఎత్తలేడు కదా! అందుకే ఊళ్లవాళ్లు వాటిని రాక్షసగుళ్లు అన్నారు.

చిత్రం చూడండి... రాక్షసిబొగ్గు, రాక్షసగుళ్లు, రాక్షసబల్లి. మూడూ గోదావరి లోయలోనే!

అయితే పేరులోని రెండో ముక్క మాత్రం తప్పు. డైనోసార్ బల్లి కాదు. బల్లి కాళ్లు ఒంటికి అటూ ఇటూ చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు ఆవు కాళ్లలా ఒంటి కింద నిటారుగా ఉంటాయి. చుట్టరికం చూసినా బల్లికన్నా మొసలే వాటికి దగ్గర. అంతకన్నా దగ్గర పిట్టలు. పక్షులు డైనోసార్ల వంశమేనని ఇప్పుడు శాస్త్రలోకం ఒప్పుకుంటోంది. ఇక గోదావరి లోయలో దొరికిన పెద్ద జంతువులైతే ఆకులూ కొమ్మలూ మేసే సాధుప్రాణులు. పాపం, మొగలిపువ్వులాగే వీటికీ పేరు వల్ల నింద!

ఇంటిపేరు కోట

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే. తాతముత్తాతలు ఎక్కడినుంచి వచ్చారో ఆ ఊరే ఇంటిపేరై కూర్చుంటుంది. ఊరు వదిలి వందేళ్లయినా పేరు వదలదు. గోదావరి లోయలో దొరికిన ఒక డైనోసార్‌కూ సరిగ్గా అలాగే జరిగింది.

ప్రాణహిత ఎడమ గట్టున, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర కోట అనే ఊరుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచే అక్కడి సున్నపురాతి పలకల్లో చేపల శిలాజాలు దొరుకుతుండేవి. అందుకే ఆ కాలపు రాతిపొరలన్నిటికీ భూగర్భ శాస్త్రవేత్తలు 'కోట' పేరే పెట్టారు. ఆ పొర నదికి ఈవలా ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర 1970ల చివర్లో ఆ పొరలోనే ఎముకల దిబ్బ బయటపడింది. సుమారు 2,400 చదరపు మీటర్ల జాగాలో, అంటే అరెకరం కాస్త దాటిన చోట, 840 ఎముకలు! లెక్కగడితే కనీసం పన్నెండు జంతువులవని తేలింది. తల మాత్రం దొరకలేదు. రెండు పళ్లు దొరికాయంతే.

1988లో పి.యాదగిరి ఆ జంతువును శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ 'కోటసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. లాటిన్‌లో ఊరి పేరు చివర 'ఎన్సిస్' చేరిస్తే ఆ ఊరికి చెందినది అని అర్థం. అంటే యామనపల్లికి చెందిన కోటబల్లి. ఇంటిపేరు కోట. ఊరు యామనపల్లి! సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. తోక చివరినుంచి మూతి దాకా తొమ్మిది మీటర్లుంటుందని అంచనా. ఏనుగు కాళ్లలాంటి నాలుగు కాళ్లు, పొడుగాటి మెడ, అంతకన్నా పొడుగాటి తోక. ప్రపంచంలో ఎక్కడ పొడుగుమెడ డైనోసార్ల గురించి పుస్తకం రాసినా యామనపల్లి ప్రస్తావన రావాల్సిందే. ఎందుకంటే ఆ జాతి తొలిరోజుల్లో ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాలు లోకంలో తక్కువ.

పెద్దకాలు... రవీంద్రుడు

కోటసారస్‌కు అన్నలాంటిది మరొకటుంది. 1950ల చివర్లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నడుపుతున్న మహలనోబిస్ ఆహ్వానం మీద పమేలా రాబిన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వచ్చారు. ఆమె నడిపించిన బృందాలు ప్రాణహిత-గోదావరి లోయంతా కాలినడకన గాలించాయి. వాళ్లకు దొరికిన ఎముకల్లో ఒక తొడ ఎముక ఏకంగా 1.7 మీటర్లు. మనిషెత్తు! బెంగాలీలో 'బరా పా' అంటే పెద్దకాలు. అలా అది 'బరాపాసారస్' అయింది. ఎక్కువ ఎముకలు వెలికి తీసింది 1961 ప్రాంతంలో. అది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో దాన్ని లోకానికి ప్రకటించినప్పుడు 'బరాపాసారస్ టాగోరై' అన్నారు. గోదావరి లోయ జంతువు, బెంగాలీ పేరు, విశ్వకవి జ్ఞాపకం... అన్నీ ఒకేచోట!

ఆ లోయలో పేర్ల పంట అంతటితో ఆగలేదు. 2007లో రెండు పేర్లొచ్చాయి. ఒకటి 'లాంప్లగ్‌సారా ధర్మారమెన్సిస్'. పమేలా లాంప్లగ్ రాబిన్సన్ పేరు ముందు, ధర్మారం రాతిపొర పేరు వెనక. రెండోది 'ప్రధానియా'. ఇది ప్రొఫెసర్ పేరు కాదు. ఎండలో తిరిగి శిలాజాలు ఏరి తెచ్చిన సేకర్త ధుయియా ప్రధాన్ పేరు. 2025లో ఇంకొకటి... 'మలేరిరాప్టర్ కుట్టీ'. సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి మాంసాహారి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఊరి పేరుతో ఉన్న రాతిపొరలో దొరికింది. కుట్టీ అంటే దాన్ని కనుగొన్న టి.ఎస్.కుట్టి.

పేర్లలో తికమకలూ ఉంటాయి. మలేరి పొరల్లోనే దొరికిన ఓ చిన్న డైనోసార్‌కు 1987లో 'వాకేరియా' అని పేరు పెట్టారు. తీరా చూస్తే సముద్రంలో ఉండే ఒక బుల్లిజీవికి అంతకుముందే ఆ పేరుంది! ఒక ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టు, 1994లో దాన్ని 'అల్వాకేరియా'గా మార్చారు. ఆ పేరు రెండో భాగం మాత్రం మారలేదు. అది 'మలేరియెన్సిస్'. ఊరి పేరు చెక్కుచెదరలేదు.

ఆ మాటకొస్తే పుస్తకాల్లోని పెద్దపెద్ద మాటలూ ఊళ్లనుంచీ మనుషులనుంచీ వచ్చినవే. జురాసిక్ అన్న మాట ఫ్రాన్స్-స్విట్జర్లాండ్ సరిహద్దులోని జురా కొండలది. దక్షిణాది ఖండాలన్నీ ఒకటిగా ఉన్న నాటి మహాఖండం 'గోండ్వానా' గోండులది. ఆ గోండుల గూడేలు ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అంటార్కిటికా మంచులో రాళ్లు తవ్వే శాస్త్రవేత్త కూడా మన గోండుల పేరు పలకాల్సిందే!

నౌబత్‌పహాడ్ మీద యామనపల్లి

ఇంత పేరున్న కోటసారస్‌ను చూడాలంటే అడవులకు వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నడిబొడ్డున నౌబత్‌పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్తే చాలు. 2000లో అక్కడ ప్రారంభించిన డైనోసారియంలో యామనపల్లి ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం ఉంది. బిర్లామందిర్ చూసి అలా పక్కకు వచ్చే కుటుంబాలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతాయి. పిల్లలు ముందుగా అడిగేది ఒకటే... 'ఇది మనుషుల్ని తినేదా?' దానికి జవాబు సులువు. అది ఆకులు మేసేది, పైగా అప్పటికి మనిషే పుట్టలేదు. ఆ తర్వాత చెప్పాల్సింది మాత్రం చాలామంది పెద్దలు చెప్పకుండానే ముందుకు కదులుతారు. ఇది అమెరికాది కాదు నాన్నా, మన గోదావరి దగ్గరిది అని.

నష్టం ఉన్నది అక్కడే. టైరనోసారస్ పేరు తడుముకోకుండా చెప్పే పిల్లలు ఎంతోమంది. కోటసారస్ అంటే తెల్లమొహం వేసేవాళ్లూ వాళ్లే. పేరు తెలియనిదాన్ని ఎవరూ కాపాడరు. చెలకల్లో, వాగు ఒడ్డున బయటపడే శిలాజం చూడ్డానికి మామూలు రాయిలాగే ఉంటుంది. ఇదేమిటో తెలియకపోతే గట్టు మీదికి విసిరేస్తారు, పునాదిలో వేసేస్తారు. తెలిసీ తెలియకపోతే జ్ఞాపకంగా ఇంటికి పట్టుకుపోతారు. ఎలా పోయినా 18 కోట్ల ఏళ్లు భద్రంగా ఉన్నది ఒక్క పూటలో పోయినట్టే. ఇలాంటి ప్రదేశాల రక్షణ కోసం కేంద్ర గనుల శాఖ 2022లో ఓ ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. అయితే చట్టాలెన్ని ఉన్నా పొలంలో మొదట చూసే కన్ను రైతుది, పశువుల కాపరిది, బడిపిల్లాడిది. యామనపల్లి పేరు ప్రపంచమంతా తిరిగిందని వాళ్లకు తెలిస్తే తర్వాతి ఎముక భద్రంగా ఉంటుంది.

మళ్లీ గుండం దగ్గరికి...

ఝరాసంగంలో ఆ భయం లేదు. అక్కడ ఊరి పేరుకు అర్థమేమిటని ఎవరినడిగినా ఝర, సంగమం, కేతకి, కుపేంద్రుడు... కథ మొత్తం చెబుతారు. పేరు ఉన్నంతకాలం గుండం ఉంటుంది, గుండం ఉన్నంతకాలం పేరు ఉంటుంది. కోటకూ, మలేరికీ, యామనపల్లికీ కావాల్సింది ఆ మాత్రం చెప్పుకునే మనుషులే.

అన్నట్టు, రాక్షసబల్లులు పూర్తిగా పోయాయనుకోవడం కూడా పొరపాటే. దక్కన్ లావా చల్లారాక కూడా బతికి బట్టకట్టిన కొన్ని ఉన్నాయి. వాటికి రెక్కలున్నాయి. పొద్దున్నే గుండం గట్టున వాలి రెండు గుక్కలు నీళ్లు తాగి ఎగిరిపోయే పిట్టను చూపించి పిల్లలకు చెప్పొచ్చు... అదిగో, కోటసారస్ చుట్టం!

ఎలా వెళ్లాలి?

ఝరాసంగం: హైదరాబాద్-ముంబయి జాతీయ రహదారి మీద జహీరాబాద్ దాకా వచ్చి, అక్కడినుంచి లోపలికి సుమారు 20 కిలోమీటర్లు వెళ్లాలి. జహీరాబాద్‌కు రైలు సౌకర్యమూ ఉంది. అమావాస్య, శివరాత్రి రోజుల్లో రద్దీ ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజుల్లో వెళ్లడం మేలు.

కోటసారస్: హైదరాబాద్ నౌబత్‌పహాడ్ మీద, బిర్లామందిర్ పక్కన ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు. ప్లానిటోరియం కూడా అక్కడే.

శిలాజం కనిపిస్తే: కదపొద్దు, తవ్వొద్దు, ఇంటికి తేవొద్దు. ఫోటో తీసుకుని చోటు గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉంది. అక్కడ తెలియజేయండి.